పనంబి గొంతు

మేం తొమ్మిదిమందిమి కలిసి లోకాన్ని ఉద్ధరిద్దామనుకున్నాం. నవ్వకండి, అప్పట్లో నిజంగానే అనుకున్నాం. మా ఊరు సాన్ లొరెన్సోలో యూనివర్సిటీ వెనక, సైకిళ్ల షాపు పైన ఒక గది ఉండేది. శనివారం శనివారం అక్కడ చేరేవాళ్లం. మేం తయారుచేసిన ఆపరేటింగ్ సిస్టమ్ పేరు పనంబి. మా గువరానీ భాషలో సీతాకోకచిలుక అని అర్థం. దాన్ని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద సంగతి, చూపు లేనివాళ్లకి అది తెర మీద ఉన్నదంతా గువరానీలో చదివి వినిపిస్తుంది. స్పానిష్‌లో చదివేవి బోలెడున్నాయి. మా అమ్మల భాషలో చదివేది మాకు తెలిసి ఇదొక్కటే.

ఆ గొంతు ఎలాదియా అక్కది. ఇరవై ఆరేళ్లప్పుడు ఆమెకి చూపు పోయింది. చప్పుడు రాకుండా లోపల పరుపులు కట్టిన బీరువాలో కూర్చుని, రెండేళ్లలో నాలుగు వేల వాక్యాలు పలికింది. నేను బయటనుంచి చెబితే ఆమె తిరిగి చెప్పేది.

"ఒరే విల్ఫ్రిదో, ఇంకో గంట ఉంచితే ఇందులో చిపా రొట్టెలా కాలిపోతాను. తీసుకెళ్లి బస్సుల్లో అమ్ముకుందువు గాని" అనేది, చెమట తుడుచుకుంటూ.

పనంబి పలికితే ఆమెకి ఉద్యోగం. మునిసిపల్ లైబ్రరీవాళ్లు చూపులేనివాళ్లకోసం ఒక విభాగం పెడతామన్నారు. మా బృందం సంతకమున్న డిస్కు వాళ్ల కంప్యూటర్లో వేస్తే, శుక్రవారం అందరి ముందూ అది మాట్లాడాలి. మాట్లాడితే ఆ విభాగం ఎలాదియాది. పదిహేనేళ్లుగా ఇంట్లో కూర్చున్న మనిషి కొత్త బూట్లు కూడా కొనుక్కుంది.

వచ్చిన చిక్కల్లా లైబ్రరీ కంప్యూటర్లతోనే. వాటిలోని సౌండ్ చిప్పు, దాన్ని తయారుచేసిన కంపెనీ ఇచ్చే ఒక ఫైలు వేస్తే తప్ప నోరు విప్పదు. ఆ ఫైల్లో ఏముందో ఎవరూ చూడటానికి లేదు. వేసి చూశాం, ఎలాదియా గొంతు గంటలా మోగింది. కానీ విప్పి చూడలేనిది ఒక్క అక్షరం కూడా పనంబిలో ఉండకూడదని మా నియమం. మార్చాలంటే ఓటు వెయ్యాలి. మా ఓటంటే చేతులెత్తడమే.

ఆ శనివారం ఎప్పటిలాగే తెరెరె, అంటే మా చల్లటి ఆకు టీ, నేనే పోస్తున్నాను. ఒక చేత్తో కప్పు, ఒక చేత్తో ఐసు నీళ్ల కూజా. కప్పు ఒకరి దగ్గరికి వెళ్లి మళ్లీ నా దగ్గరికే వస్తుంది, నింపి ఇంకొకరికి ఇస్తాను.

"ఇవాళ ఒకదాన్ని రానిస్తే రేపు పది దూరతాయి" అన్నాడు అనీబల్. యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడు. బృందాన్ని మొదలుపెట్టింది ఆయనే.

"అది లేకపోతే మిషను మూగదే కదా ప్రొఫెసర్ గారూ" అంది ఎలాదియా.

"కావలసినవాళ్లు తర్వాత ఎక్కించుకోవచ్చు తల్లీ. స్వేచ్ఛంటే అదే కదా."

"ఎక్కించుకోవాలంటే నాకు తెర మీదున్నది వినపడాలి. వినపడాలంటే అది ఎక్కించుకోవాలి. బాగుందండీ మీ స్వేచ్ఛ! తాళంచెవి లోపల పెట్టి తలుపేసి, రా తల్లీ రా అన్నట్టుంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. అనీబల్ నవ్వలేదు.

"ఫైలు వద్దనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు.

నాలుగు చేతులు లేచాయి. అనీబల్ నా వంక చూశాడు. ఆ నెలలో పోర్తో అలెగ్రెలో మాలాంటి బృందాలన్నీ కలిసే పెద్ద సభకి తనతో ఒకర్ని తీసుకెళ్తానన్నాడు, నన్నే అనుకుంటున్నాడని విన్నాను. ఎలాదియా నా పక్కనే కూర్చుని ఉంది. ఆమెకి కనపడదు కదా అనుకున్నాను. ఇంతకన్నా మర్యాదగా చెప్పుకునే మాట నా దగ్గర లేదు. చెయ్యెత్తాను.

"ఐదు" అన్నాడు అనీబల్. పేర్లు చదవలేదు. ఆమె అడగలేదు.

మిషను పలకదని లైబ్రరీవాళ్లకి ముందే చెప్పే ధైర్యం మాలో ఎవరూ చెయ్యలేదు. శుక్రవారం లైబ్రరీలో పూలు, కేకు, మేయరు ఆఫీసువాళ్లు. డైరెక్టరమ్మ డిస్కు వేసింది. తెర మీద సీతాకోకచిలుక రెక్కలాడించింది. ఎలాదియా తల పక్కకి వంచి ఒక మీట నొక్కింది. మళ్లీ నొక్కింది. ఇంకోటి నొక్కింది.

"ఏమంటోంది?" అని డైరెక్టరమ్మ అడిగింది.

"ఏమీ అనట్లేదండీ" అంది ఎలాదియా.

ఆ ఫైలున్న పెన్‌డ్రైవ్ నా జేబులోనే ఉంది. రెండు నిమిషాల పని. అనీబల్ నా భుజం పక్కన నిలబడి మేయరు మనుషులకి సిద్ధాంతం వివరిస్తున్నాడు. నా చెయ్యి జేబులోకి వెళ్లి ఖాళీగా బయటికొచ్చింది. సిగ్గులేని చెయ్యి, శనివారం మాత్రం ఎంత చురుగ్గా లేచిందో.

ఎలాదియాని బస్సు దాకా నడిపించాను.

"అక్కా, ఆ ఫైలు నా దగ్గరుంది. రేపు పొద్దున్నే ఎవరూ లేనప్పుడు వెళ్లి ఎక్కించేస్తాను."

"ఎవరూ లేనప్పుడా?"

"ప్రొఫెసర్‌కి తెలిస్తే గొడవ కదా. నేను నీ వైపేనక్కా. ఒట్టు, ఆ రోజు నేను చెయ్యెత్తలేదు."

బస్సొచ్చింది. ఆమె మెట్టు మీద కొత్త బూటు పెట్టి ఆగింది.

"రెండేళ్లు నీ పక్కన కూర్చున్నాను తమ్ముడూ. కప్పు ఒక చుట్టు పూర్తయ్యేదాకా నువ్వు కూజా కింద పెట్టవు. ఆ రోజు మధ్యలో బల్ల మీద పెట్టావు. ఐసు గలగలమంది."

తలుపు మూసుకుంది. మర్నాడు నేను లైబ్రరీకి వెళ్లలేదు. నెల తిరక్కుండా వాళ్లు స్పానిష్ మాట్లాడే సిస్టమ్ కొనుక్కుని, ఆ కుర్చీలో కళ్లున్న అమ్మాయిని కూర్చోబెట్టారు.

నేను పోర్తో అలెగ్రె వెళ్లాను. అక్కడి మిషన్‌కి ఏ ఫైలూ అక్కర్లేకపోయింది. డిస్కు వెయ్యగానే నాలుగు వందలమంది ముందు ఎలాదియా గొంతు పలికింది. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను చెయ్యెత్తి నమస్కారం పెట్టాను.