నా మీద జరిగిన నూట అరవై మూడు నేరాలు

నేను ఒక గాజు గిన్నెను. నాకో మూత ఉంది, మూత అంచున గోరంత గాలిబుడగ ఉంది, ఒంటి మీద నీలం పువ్వులున్నాయి. ఇవన్నీ చూసినవాళ్ళకి తెలుస్తాయి. తెలియని సంగతి ఇంకొకటుంది. నా మీద ఇప్పటివరకు నూట అరవై మూడు నేరాలు జరిగాయి. నూట నలభై దొంగతనాలు, పదిహేడు ఇంటిచొరబాట్లు, ఆరు దోపిడీలు. అన్నీ ఒకే ఇంట్లో, పదకొండు వారాల్లో, తుని నుంచి వచ్చిన ఒకే ఒక్క పెద్దావిడ చేతుల మీదుగా జరిగాయి.

మొదటినుంచీ చెబుతాను. ఇంగ్లండు ఉత్తరాన, సముద్రపు గాలి కొట్టే ఒక ఊళ్ళో, గాజు కార్ఖానాలో పుట్టాను. కొలిమిలోంచి ఎర్రగా వచ్చి, అచ్చులో పడి, చల్లారి, పువ్వులు అద్దించుకుని బల్ల మీద నిలబడ్డాను. తనిఖీ చేసే ఆయన నా మూత ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. బుడగ కనబడింది. చట్ట ప్రకారం నన్ను పగలగొట్టాలి. సరిగ్గా అప్పుడే టీ గంట మోగింది. ఇంగ్లీషువాడికి టీ వేళ న్యాయమూ ధర్మమూ కంటికి ఆనవు. నన్ను మంచివాటి వరసలోకి నెట్టేసి చక్కా పోయాడు. నా బతుకు అలా తప్పించుకోవడంతోనే మొదలైంది.

లెస్టర్ ఊళ్ళో డోరీన్ అనే అమ్మాయికి పెళ్ళి కానుకగా వెళ్ళాను. ఆమె మొగుడు కెన్‌కి గురువారం గురువారం నాలో కాల్చిన ఒకే వంట కావాలి. అడుగున మాంసం కైమా, పైన మెదిపిన బంగాళాదుంప. నలభై రెండేళ్ళు అదే గురువారం, అదే దుంప. విసుగొచ్చేది, నిజం చెప్పొద్దూ. కానీ కెన్ పోయాక గురువారాలు నన్ను అలమరలోంచి తీసేవాళ్ళే లేకపోయారు. అప్పుడు ఆ దుంప మీద బెంగ పెట్టుకున్నాను. డోరీన్ కూడా పెట్టుకుంది, పైకి చెప్పలేదు.

పక్కింట్లో మనవాళ్ళు దిగారు. రామకోటి ఆసుపత్రిలో నర్సు. ఎప్పుడు చూసినా డ్యూటీలో ఉంటాడు, లేకపోతే నిద్రలో ఉంటాడు. అతని భార్య సౌదామిని ఎనిమిదేళ్ళు గోడౌన్‌లో అట్టపెట్టెలకి టేపు అంటించి, ఇక నా వల్ల కాదని ముప్పై నాలుగో ఏట పోలీసు శిక్షణలో చేరింది. యూనిఫాం ఇచ్చారు, బూట్లు ఇచ్చారు, నేరాల నిర్వచనాలున్న లావుపాటి పుస్తకమూ ఇచ్చారు. బూట్లు రెండు రోజుల్లో అలవాటయ్యాయి. పుస్తకం అలవాటు కాలేదు. పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఇంటికి పంపించేస్తారు, మళ్ళీ అట్టపెట్టెలే గతి.

రెండోసారి తప్పిన రోజున సౌదామిని గుమ్మం మెట్టు మీద కూచుని ఏడ్చింది. డోరీన్ కిటికీ తెరలోంచి చూసింది. మరునాడు నాలో యాపిల్ ముక్కలు పరిచి, పైన వెన్నా పిండీ చల్లి కాల్చి, వేడివేడిగా పట్టుకెళ్ళి ఇచ్చింది. "తిను, మై డక్" అంది. ఆ ఊళ్ళో అది ముద్దు మాట. అప్పటికి వారం క్రితమే తుని నుంచి ఆరు నెలలుండడానికి వచ్చిన అత్తగారు మాణిక్యమ్మకి ఆ సంగతి తెలియదు. "నా కోడల్ని పట్టుకుని బాతంటుందేంటే" అని ఒక పూటంతా మూతి ముడుచుకుంది. తీపి రుచి చూశాక సర్దుకుంది.

నన్ను తోమి తుడిచింది కూడా మాణిక్యమ్మే. తిరిగి పంపబోతున్న సౌదామినిని గుమ్మంలోనే ఆపేసింది.

"ఖాళీ గిన్నె చేతిలో పెడతావేంటే. ఆవిడేమనుకుంటది?"

"ఏం అనుకోదండీ అత్తయ్యగారూ. ఇక్కడ అలాంటి పట్టింపులుండవు."

"వాళ్ళకి లేకపోతే మనకీ లేవేంటి? అందులో ఏదోటి పెట్టి పంపాలి."

ఆ ఏదోటి దగ్గరే అంతా ఆగిపోయింది. పులిహోర పెడదామంటే ఆవిడకి పులుపు పడుతుందో లేదో. గారెలంటే నూనె. అరిసెలు పెడితే పెట్టుడుపళ్ళు ఊడొస్తాయేమోనని భయం. చివరికి ఆత్రేయపురం పూతరేకులైతేనే మర్యాదగా ఉంటుందని తేల్చి, ఊరి నుంచి రాబోయే ఎవరో కుర్రాడితో పంపమని తునికి కబురు పెట్టింది. ఆ కుర్రాడి వీసా రాలేదు. నేను అలమర పై అరలో, పప్పు డబ్బాల పక్కన కూచున్నాను.

ఇంతలో చదువు మొదలైంది. దొంగతనానికి అక్కడి చట్టంలో అయిదు ముక్కలుంటాయి. నిజాయితీ లేకుండా, తనది చేసుకోవడం, ఆస్తిని, పరాయివాళ్ళదాన్ని, మళ్ళీ ఎప్పటికీ వాళ్ళకి దక్కకుండా చేయాలన్న ఉద్దేశంతో. అయిదూ ఉంటేనే దొంగతనం, ఒక్కటి తగ్గినా కాదు. మాణిక్యమ్మ కోడలి చేత వేళ్ళు ముడిపించి వల్లె వేయించేది. సౌదామిని నాలుగు వేళ్ళు చకచకా ముడిచి, చిటికెన వేలు దగ్గరికి రాకుండానే బేడీల కోసం నడుం తడుముకునేది. ఆమె జబ్బే అది. ఎవరైనా ఏదైనా తీశారంటే చాలు, అరెస్టు. శిక్షణ ఇచ్చే మాస్టారు కాగితం మీద రాసి మరీ పంపాడు: "కష్టపడుతుంది. కానీ అందర్నీ అరెస్టు చేస్తుంది."

"పుస్తకం చదివితే ఎక్కదే. చేసి చూద్దాం. నేను దొంగనవుతాను" అంది మాణిక్యమ్మ. డెబ్భై ఒకటో ఏట ఆవిడ మొహంలో అంత వెలుగు ఎందుకొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దొంగిలించడానికి వస్తువు కావాలి. అది పరాయివాళ్ళదై ఉండాలి. ఇల్లంతా వెతికితే కుక్కరు వాళ్ళదే, మిక్సీ వాళ్ళదే, రామకోటి కూడా వాళ్ళవాడే. పరాయివాళ్ళ వస్తువంటూ ఆ ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. నా రాత అలా తిరిగింది.

పొద్దున్న కాఫీ కాగానే ఒక దొంగతనం, కూర తాలింపు వేశాక ఇంకొకటి. దోపిడీ అంటే బలప్రయోగం ఉండాలి కనుక రామకోటిని నిద్ర లేపి, నన్ను అతని ఒళ్ళో పెట్టి, దిండుతో రెండు బాది లాక్కునేది. దొంగిలించే ముందో, దొంగిలిస్తుండగానో బాదాలట. ఒకసారి నన్ను పట్టుకెళ్ళి దాచేసి, పది నిమిషాల తర్వాత తిరిగొచ్చి తీరుబాటుగా బాదింది. అది లెక్కలోకి రాదని సౌదామిని చెబితే, "అయ్యో, వాడికి తగిలింది కదే" అని బాధపడింది.

చొరబాటు దగ్గర మాత్రం ఇద్దరికీ మాట తేడా వచ్చింది. అనుమతి లేని చోటికి ప్రవేశించాలంటుంది చట్టం. "నా కోడలి వంటింట్లోకి రావడానికి నాకు అనుమతి కావాలేంటి?" అని మాణిక్యమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆ ప్రశ్నకి పుస్తకంలో జవాబుంది గానీ ఇంట్లో లేదు. ఇద్దరూ రాజీపడి రామకోటి బట్టల గదిని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించుకున్నారు.

విచిత్రం ఏమిటంటే అత్తగారికి చట్టం నోటికొచ్చేసింది. "ఆగండి, తనిఖీ చేయాలి" అని కోడలంటే, "నీ పేరు చెప్పు, ఏ స్టేషనో చెప్పు, ఎందుకు అనుమానమో చెప్పు, ఏం వెతుకుతున్నావో చెప్పు, కాగితం నకలు నాకొస్తుందని చెప్పు. పైకోటూ చేతి తొడుగులూ తప్ప బయట ఏమీ విప్పమనకూడదు, తెలిసిందా" అని పాఠం అప్పజెప్పేది.

పరీక్ష ఇంకో రోజుందనగా, పొద్దున్న పదింటికి, ఈ తెలివే కొంప ముంచింది. పెరట్లో నన్ను కొంగు కింద దాచుకున్న ఆవిడని సౌదామిని తనిఖీకి ఆపింది.

"చెల్లదు. సొంత పెరట్లో, ఆ ఇంట్లో ఉండేవాళ్ళని ఆపి వెతికే అధికారం నీకు లేదు. రోడ్డు మీదికి పద" అంది మాణిక్యమ్మ.

చట్టం అలాగే ఉంది మరి. రోడ్డు మీదికి వెళ్ళారు. అక్కడ ఆవిడ నన్ను చంకన బిగించుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ పరుగందుకుంది. వెనక సౌదామిని. కొంగు గాలికి లేచింది, నా నీలం పువ్వులు వీధంతా కనబడ్డాయి. కిటికీ తెర వెనక నిలబడి డోరీన్ చూసింది.

పదకొండు వారాలుగా గిన్నె అడగడానికి మొహమాటపడి ఊరుకున్న మనిషి, కెన్ తిన్న గిన్నె వీధిలో పారిపోతుంటే ఊరుకోలేకపోయింది. ఫోన్ చేసింది. మామూలుగా గిన్నె పోయిందంటే ఆ ఊరి పోలీసులు వారానికి వస్తారు. ఆ రోజు డన్ అనే కానిస్టేబుల్ పక్క సందులోనే ఉన్నాడు. రెండు నిమిషాల్లో వచ్చాడు.

సౌదామిని ముఖం పాలిపోయింది. పోలీసు శిక్షణలో ఉన్న మనిషి ఇంట్లో దొంగసొత్తు దొరికిందని ఒక ముక్క రాసుకెళ్తే చాలు, రేపటి పరీక్షతో పనే ఉండదు. అత్తగారికి ఇంగ్లీషు అంతంత మాత్రం, మాట మార్చి చెప్పినా అతనికి తెలియదు. ఆ ఆలోచన ఆమెకి వచ్చిందని నాకు తెలుసు. అప్పటికి అత్తగారి చంకలోంచి లాక్కుని నన్ను ఆమే పట్టుకుని ఉంది.

డన్ హెచ్చరిక చదవడం మొదలుపెట్టాడు, మీరేమీ చెప్పనక్కర్లేదు అని. మాణిక్యమ్మ తాను బట్టీపట్టిన ఇంగ్లీషులో అతనితో పాటే గొంతు కలిపి, అతనికంటే ముందే పూర్తి చేసింది. డన్ నోరు తెరిచాడు. ఏమీ చెప్పనక్కర్లేదని అంత బాగా తెలిసిన మనిషి, ఆ వెంటనే అంతా చెప్పేసింది. జన్మలో ఎప్పుడైనా నోరు మూసుకుంటే కదా.

"తీశానని చెప్పు. ఆవిడదని తెలుసనీ చెప్పు. కొంగులో దాచాననీ చెప్పవే, ఉన్నదే కదా."

సౌదామిని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పింది. ఒక్క మాట మింగలేదు. గోడౌన్ అట్టపెట్టెలు ఆమె కళ్ళ ముందు కదిలే ఉంటాయి, అయినా చెప్పింది. ఆ పిల్లని చూసి నాకు గర్వమేసింది.

"పదకొండు వారాలు ఉంచుకున్నారు. తిరిగి ఇచ్చే ఉద్దేశం ఉందా?" అని అడిగాడు డన్.

సౌదామిని అనువదించింది. మాణిక్యమ్మకి కోపం ముంచుకొచ్చింది. "ఇవ్వకపోవడమేంటి! ఖాళీగా ఇమ్మంటాడా? ఆ మనిషి నీ ఏడుపు చూసి నీకు వండి పెట్టింది. అలాంటి గిన్నెలో గాలి పెట్టి పంపనా? పూతరేకులు రాలేదు గానీ, రాగానే ఇద్దామనే కదా తోమి తోమి పెట్టుకున్నాను."

సౌదామిని చెయ్యి నా మీద బిగిసింది. నాలుగు వేళ్ళు నా అడుగున ఉన్నాయి, చిటికెన వేలు మాత్రం పైకి లేచింది. దాన్ని ఆమె కొత్తగా చూసినట్టు చూసింది.

"ఇది దొంగతనం కాదు" అంది డన్‌తో. "తీశారు, వస్తువే, పరాయివాళ్ళదే. కానీ ఎప్పటికీ దక్కకుండా చేయాలన్న ఉద్దేశం ఒక్క రోజు కూడా లేదు. మా ఇళ్ళలో గిన్నెని ఖాళీగా తిప్పి పంపరు. అందుకే ఆలస్యమైంది. నిజాయితీ లేకపోవడం కూడా కాదు, మరీ ఎక్కువవడం. అరెస్టు చేయడానికి ఏమీ లేదు."

జీవితంలో మొదటిసారి ఆమె ఒకరిని అరెస్టు చేయలేదు. డన్ తన నోటుపుస్తకం మూసి, డోరీన్ వైపు చూశాడు.

డోరీన్ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "నా కోసం పదకొండు వారాలు ఆలోచించారా?" అని అడిగింది. కెన్ పోయాక ఆమె కోసం ఎవరూ పదకొండు నిమిషాలు కూడా ఆలోచించలేదని నాకు తెలుసు. ఆమె కళ్ళు తుడుచుకుంది. మాణిక్యమ్మ ఇక పూతరేకుల మాట ఎత్తలేదు. లోపలికెళ్ళి అరగంటలో సేమ్యా పాయసం కాచి, నా నిండా పోసి, రెండు చేతులతో ఇచ్చింది. ఆ రోజు గురువారం. డోరీన్ నన్ను బల్ల మధ్యలో పెట్టుకుని తింది.

మర్నాటి పరీక్షకి నేను వెళ్ళలేదు, తర్వాత విన్నాను. పొరుగింటాయన నిచ్చెనని అడగకుండా తీసుకుని, చూరు బాగు చేసుకుని, ఆదివారం ఇచ్చేద్దామనుకున్నవాణ్ణి దొంగతనానికి అరెస్టు చేస్తారా అని ప్రశ్న వచ్చిందట. సౌదామిని బల్ల కింద ఒక్కో వేలూ ముడుస్తూ పోయి, చిటికెన వేలు దగ్గర ఆగి, చేయనని రాసిందట. ఇప్పుడు ఆమె నిజం యూనిఫాంలో నిజం దొంగల్ని ఆపుతోంది, పేరూ స్టేషనూ చెప్పి మరీ.

పాసైన రోజున మాణిక్యమ్మ స్టీలు డబ్బా నిండా సున్నుండలు పెట్టి పక్కింటికి పంపింది. అవి అయిపోయాయి. డబ్బా ఇప్పుడు డోరీన్ అలమరలో నా పక్కనే కూచుంది. దాన్ని ఖాళీగా ఇవ్వకూడదని డోరీన్‌కి తెలిసిపోయింది మరి. కేకు చేస్తే మాడింది. జామ్ కాస్తే గట్టిపడలేదు. బిస్కెట్లకి మాణిక్యమ్మ పళ్ళు ఆగవేమోనని భయం. డబ్బా కొత్తది, బెదిరిపోతోంది. కంగారు పడకు, ఇక్కడ నీ మీద నేరమేమీ జరగలేదని దానికి రోజూ చెబుతున్నాను.

మాణిక్యమ్మ ఊరికి వెళ్ళడానికి ఇంకో పక్షం ఉంది. నిన్న పెరటి కంచె మీదుగా తొంగిచూసి, కిటికీలోంచి తన డబ్బాని గుర్తుపట్టి, "తొమ్మిది వారాలైందే అమ్మాయ్, ఫోన్ చేద్దామా" అంది. సౌదామిని బట్టలు ఆరేస్తోంది. చిటికెన వేలు ఎత్తి చూపించింది.