గాజుగిన్నెలో గుండె

మా మనవరాలు పీహెచ్‌డీలో చేరి మూడేళ్ళయింది. ఏం చేస్తున్నావే అంటే "గుండె కణాలు పెంచుతున్నాను అమ్మమ్మా" అనేది. కోళ్ళని పెంచినట్టు గుండెని పెంచడమేమిటో నాకు అంతుబట్టలేదు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, పెద్ద చదువులు అలాగే ఉంటాయేమో అని ఊరుకున్నాను.

ఫోనులో గొంతు నీరసంగా వినిపిస్తుంటే మనసాగక, ఓ పదిరోజులు ఉండి వద్దామని బయలుదేరి, రాత్రికి దాని గదికి చేరాను. తలుపు తీసిన పిల్లని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాను. చొక్కా కొక్కేనికి తగిలించినట్టుంది ఒంటి మీద. మంచం నిండా కాగితాలు. వాటి పక్కన ఓ మూరెడు జాగా, అందులో పిల్ల పడుకుంటున్న గుర్తు. పొయ్యి మీద దుమ్ము. ఫ్రిజ్‌లో ఒకే ఒక్క నిమ్మకాయ, అదీ ఎండి గోలీకాయంత అయింది.

"దీని వాసన చూసి బతుకుతున్నావటే?"

"క్యాంటీన్లో తింటున్నానులే."

చెయ్యి పట్టుకుని చూస్తే నాడి పరుగో పరుగు. కూర్చున్న పిల్లకి అంత దడేమిటి? గట్టిగా అడిగేసరికి బావురుమంది. ఏడుపు ఆగాక నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

ఎవరో ఒక మనిషి చర్మంలోంచి చిటికెడు తీస్తారట. దాన్ని మందులతో మాయచేసి, మెల్లమెల్లగా గుండె కణాలుగా మారుస్తారట. సరిగ్గా మారితే పదోరోజుకల్లా వాటంతట అవే కొట్టుకోవాలి. మా పిల్లవి రెండుసార్లు కొట్టుకోలేదు. ఇది మూడోసారి, నాలుగోరోజు.

"ఈసారీ కాకపోతే మానేస్తాను అమ్మమ్మా. నాకు చేతకాదు."

"మానేస్తే మానెయ్. నువ్వు బాగుంటే చాలు" అన్నాను.

ఆ మాటకి ఇంకా ఏడ్చింది. అప్పుడు తెలిసింది, పిల్లకి మానాలని లేదు, మానకుండా ఉండే ఓపికా లేదు.

మర్నాడు ఆదివారం. తెల్లారగానే చెప్పులేసుకుంటుంటే "సెలవు కదే?" అన్నాను. కణాలకి సెలవుండదంది. నేనూ వస్తానని వెంటపడ్డాను.

ల్యాబులో ఒక పొడుగాటి కుర్రాడు ఉన్నాడు. మా పిల్లకి సీనియరు. గుమ్మం తలకి తగలకుండా వంగి నడిచేవాడు. మనసులో నిచ్చెన అని పేరు పెట్టుకున్నాను. ఆదివారాలు వంతులవారీగా ఒకరొచ్చి అందరి గిన్నెలూ చూసుకోవడం అక్కడి పద్ధతట.

"ఇవాళ నా వంతు కదా చెల్లెమ్మా, నువ్వెందుకొచ్చావ్?"

"ఒక్కసారి చూసి వెళ్ళిపోతా అన్నా."

అలమారలాంటి పెట్టె తెరిచింది. వెచ్చటి గాలి మొహానికి తగిలింది. కడుపులో బిడ్డకి ఉండే వేడి ఎంతో, లోపలా అంతేనట. చేతికి తొడుగులు వేసుకుని గాజుగిన్నె తీసింది. అందులో గులాబీరంగు నీళ్ళు. అవే వాటి తిండి. తొందరలో గిన్నె ఒరిగింది. నిచ్చెన చటుక్కున పట్టుకుని లోపల పెట్టేసి తలుపు మూశాడు.

ఆ పెట్టెకి ఒక పుస్తకం తాడుతో వేలాడుతోంది. ఎవరు తలుపు తీసినా అందులో సంతకం పెట్టాలట. అది తెరిచి పిల్ల ముందు పెట్టాడు.

"నిన్న ఒక్కరోజే చూడు."

నాకు చదువు అంతంత మాత్రమే. అయినా చివర కొక్కెంలా వంపు తిరిగిన అదే సంతకం వరుసగా పదకొండుసార్లు ఉంటే కనిపించదా?

"ఇన్నిసార్లు బయటికి తీస్తే చలికి అవి ఏమైపోవాలి? ఆ నీళ్ళలోకి వాటికి కావలసినవి అవే వదులుతాయి. నువ్వు రోజూ ఒంపేసి కొత్తవి పోస్తున్నావ్. రెండ్రోజులకొకసారి అని కదా రాసుంది?"

"చచ్చిపోతాయేమోనని భయమేసింది అన్నా."

ఆ మాట నాకు బాగా తెలుసు. దీని తల్లి పుట్టినప్పుడు, ఊపిరి ఆడుతోందో లేదోనని నిద్రపోతున్న బిడ్డని గంటగంటకీ గిల్లి లేపేదాన్ని. ఇరవై రోజులకి బిడ్డా నేనూ ఇద్దరం మంచం పట్టాం. మా అత్తగారు బిడ్డని లాక్కుని, "దాన్ని బతకనివ్వవే తల్లీ" అని తిట్టింది. ఆ సంగతి అక్కడే చెప్పాను. నిచ్చెన నవ్వాడు. పిల్ల నవ్వలేదు, పుస్తకం వంకే చూస్తోంది.

"ఈ ఐదురోజులూ నేను చూస్తాను. నువ్వు ఈ గదిలోకి రాకు. గైడుగారికి నేను చెప్తా" అన్నాడతను. "నన్ను నమ్ముతావా, నమ్మవా?"

పిల్ల పుస్తకం మూసి తలూపింది.

ఆ ఐదురోజులు నన్నడగండి. రెండుసార్లు చెప్పులేసుకుంది, రెండుసార్లూ విప్పించాను. విశ్వవిద్యాలయంలోనే డాక్టరమ్మ ఉంటే తీసుకెళ్ళాను. గుండెకి ఏమీ లేదు, నిద్రా తిండీ లేకా, దిగులుతోనూ ఆ దడ అందామె. పక్కగదిలో ఇంకో డాక్టరమ్మ ఉందని, వారానికోసారి వచ్చి ఆమెతో ఊరికే కబుర్లు చెప్పి వెళ్ళమంది. మాట్లాడడానికే ఒక డాక్టరుంటుందని నాకు అప్పుడే తెలిసింది. మా కాలంలో ఆ పని బావిగట్టు చేసేది. పిల్ల ఆమె దగ్గర గంటసేపు కూర్చుని వచ్చి, రెండు పూటల అన్నం ఒక్కపూటే తిని, పట్టపగలు ఆరుగంటలు నిద్రపోయింది.

పదోరోజు ఇద్దరం వెళ్ళాం. నిచ్చెన గిన్నెని మైక్రోస్కోపు కింద పెట్టి పక్కకి జరిగాడు. పిల్ల స్టూలు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది.

"నువ్వు చూడు అమ్మమ్మా. నాకు ధైర్యం చాలట్లేదు."

కళ్ళు ఆనించాను. మొదట నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. తర్వాత తెల్లటి వెలుగు, అందులో పలచటి మీగడలాంటి పొర. ఏమీ లేదు. పిల్లకి ఏమని చెప్పను దేవుడా అనుకుంటుండగా, ఒక మూల చటుక్కున కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. ఇంకో మూల వేరే మచ్చ, దాని లెక్క దానిదే. రెండు మచ్చలు ఆనుకున్న చోట మాత్రం తేడా లేదు. ఇదీ అదీ ఒక్కసారే ముడుచుకుని ఒక్కసారే విచ్చుకుంటున్నాయి. వాటికి ఎవరు తాళం వేస్తున్నారు? రక్తం లేదు, ఒళ్ళు లేదు, ఆ గుండెని మొయ్యడానికి మనిషి లేదు. అయినా కొట్టుకుంటోంది. నాకు తెలియకుండానే చెయ్యి నా గుండె మీదికి వెళ్ళింది. డెబ్బైనాలుగేళ్ళుగా నేను అడక్కుండానే కొట్టుకుంటోంది ఇదీను. ఒక్కరోజైనా దీన్ని తలుచుకున్నానా?

"అమ్మమ్మా, చెప్పవే!"

"కొట్టుకుంటోందే తల్లీ!"

నన్ను దాదాపు తోసేసి కూర్చుంది. చూసింది. భుజాలు కుదిలిపోయాయి. నిచ్చెన గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"ఎవరిదే ఆ చర్మం?" అన్నాను.

"ఎవరో ఒకావిడది. పేరు మాకూ తెలీదు."

ఆవిడ ఈ క్షణాన ఏ వీధిలో నడుస్తోందో, ఏ పిల్లల మీద కేకలేస్తోందో! తన గుండె ఇంకొకటి ఇక్కడ కొట్టుకుంటోందని ఆవిడకేం తెలుసు?

"జరగవే, ఇంకొక్కసారి చూస్తాను" అన్నాను.

మా పిల్ల స్టూలు మీంచి లేచి గిన్నె మూత సరిచేసింది.

"కుదరదు అమ్మమ్మా, వాటికి చలేస్తుంది. అన్నా, లోపల పెట్టెయ్. నేను ఎల్లుండి వస్తా."

"ఒక్క నిమిషమేనే!"

"ఎల్లుండి" అని నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. గుమ్మం దాటేదాకా నేనే వెనక్కి తిరిగి తిరిగి చూశాను.