తుడిస్తే పోతుంది

"లెదర్‌దైతే తుడిస్తే పోతుందమ్మా," అన్నాడు మా అబ్బాయి. అప్పుడు నేను నేల మీద గొంతుక్కూర్చుని వాళ్ళ నాన్న ఒలకబోసిన కాఫీ తుడుస్తున్నాను. వాడు నా నెత్తి మీదుగా ఫోను చాచి బొమ్మ చూపించాడు. వెనక్కి వాలే సోఫా. పక్కనున్న మీట లాగితే కాళ్ళ కింద పీట దానంతటదే లేస్తుందట, వీపు దానంతటదే వాలుతుందట. ఇద్దరు కూర్చునే జంట సోఫా. "బాగుంది నాన్నా, కాలు కాస్త జరుపు, నీ కిందికి పారుతోంది," అన్నాను. జరిపాడు. పిల్లవాడు చెడ్డవాడు కాదు, చెబితే జరుపుతాడు.

మా ఆయనకి కుడి పక్క పడిపోయింది. చెయ్యి, కాలు, సగం మూతి. వెల్లకిలా పడుకోబెడితే ఊపిరాడదు, నిటారుగా కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోతారు. సగం కూర్చుని సగం పడుకునేది ఏదైనా చూడమన్నాడు డాక్టరు. మాటలు కూడా పోయాయి. మిగిలినవి మూడు. నీళ్ళు, వద్దు, తుడు. అన్నం మూతి పక్కనుంచి జారుతుంది కదా, అందుకని ఆ మూడోది. ఆ మూడింట్లో నా పేరు లేదు. బాగున్న రోజుల్లో మాత్రం ఉందా ఏమిటి, ఇప్పుడు లేదని ఏడవడానికి. "ఇదిగో" అనేవారు. ఇంట్లో ఎంతమంది ఉన్నా "ఇదిగో" అంటే లేచేదాన్ని నేనే.

భోజనాల దగ్గర మళ్ళీ అదే మాట నడిచింది. మా కోడలు ఆఫీసు నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా వడ్డిస్తోంది. "లెదర్ ఎండాకాలం వీపుకి అతుక్కుంటుంది. మామయ్యగారి ఒళ్ళు ఇప్పటికే ఒరుసుకుపోతోంది. క్లాత్‌దైతే మెత్తగా ఉంటుంది, కవరు ఊడదీసి ఉతికితే పోతుంది," అంది. "రోజూ కవర్లు ఊడదీసుకుంటూ కూర్చుంటారా ఎవరైనా? లెదర్ అయితే ఒక్క తుడుపు," అన్నాడు వీడు. ఒకరు తుడిస్తే అంటారు, ఒకరు ఉతికితే అంటారు. నేను కంచాలు తీస్తున్నాను. వాడు లెదర్ అన్నా నాకది తోలే. చెప్పుకి వేసినా, సోఫాకి వేసినా.

నాకు చదువు తక్కువ. ఇంట్లో చంటివాణ్ణి ఎత్తుకోవడానికి మనిషి లేక ఐదో క్లాసు సగంలో మాన్పించేశారు. కానీ మా పంతులమ్మ చెప్పిన పాఠం ఒకటి బుర్రలో అలాగే ఉండిపోయింది. వాక్యాన్ని పట్టుకుని ఎవరు అని అడగండర్రా, పలికినవాడే కర్త అనేది ఆవిడ. పిల్లవాడు బడికి వెళ్ళాడు. ఎవరు వెళ్ళారు? పిల్లవాడు. అమ్మ అన్నం వండింది. ఎవరు వండారు? అమ్మ. ఆ పూట గిన్నెలు తోముతూ ఊరికే మా అబ్బాయి మాటని పట్టుకుని అడిగాను. తుడిస్తే పోతుంది. ఎవరు? పలకలేదు. తిరగేసి మరగేసి చూశాను. పోయేది మరక, అది తెలుస్తూనే ఉంది. తుడిచే మనిషి మాత్రం అందులో ఎక్కడా లేదు. లేకపోయినా మాట ఏ లోటూ లేకుండా నిలబడింది, అందరికీ అర్థమైంది. చెయ్యి సబ్బు నురగలో అలాగే ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురం నేను ఆ ఖాళీలోనే చేశానా అనిపించింది.

ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. ఆయన బూట్ల బురదతో గదిలోకి వచ్చేస్తే తుడిస్తే పోతుంది. స్నేహితులు వచ్చి సిగరెట్ల బూడిద రాలిస్తే తుడిస్తే పోతుంది. కోపం వచ్చి కంచం విసిరికొడితే, గోడ మీద పులుసు కారుతుంటే, "అంత మొహం పెట్టడం దేనికి, తుడిస్తే పోతుంది" అన్నారు. నిజమే, పోయింది. అన్నీ పోయాయి. అవి అంత చక్కగా పోబట్టే మళ్ళీ మళ్ళీ పడ్డాయేమో.

పోనిది ఒకటి ఉంది. మా అబ్బాయి పుట్టకముందు నాకు ఒక కడుపు నిలబడలేదు. నెలలు నిండకుండానే తెల్లవారుజామున అంతా పరుపు మీదే అయిపోయింది. దూది పరుపు, కొత్తది. ఆస్పత్రి నుంచి నన్ను తీసుకొచ్చిన మర్నాడు పొద్దున్నే మా అత్తగారు ఆ పరుపు వంక చూసి, "పారేయడం దేనికి, ఉతికితే పోతుంది," అంది. ఆవిడా రాక్షసి కాదు. ఆవిడ కాలంలో ఆవిడా ఉతుక్కునే ఉంటుంది. నేను గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, పరుపుని పంపు కింద పరిచి, బ్రష్షు పెట్టి రుద్దాను. మా ఆయన పళ్ళు తోముకుంటూ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. ఏదో అంటారు అనుకున్నాను. అన్నారు. "రాత్రికి ఆరుతుందంటావా?"

ఆరుతుంది అన్నాను. నాకు ఏడుపు రాలేదు. నీళ్ళు ఎర్రగా, తర్వాత లేతగా, తర్వాత తెల్లగా పోతుంటే వాటి వంకే చూస్తూ రుద్దాను. పక్కింటావిడతో మా అత్తగారు అనడం నా చెవిన పడింది. "తోలు మందం తల్లీ దీనికి. బిడ్డ పోతే కంట చుక్క లేదు. దీనికి ఏదీ అంటదు." ఆ మాట మా ఇంట్లో నిలిచిపోయింది. మా ఆయనకి సరదా వేసినప్పుడల్లా చుట్టాల ముందు అనేవారు, మా ఆవిడది తోలు మందం, ఏమన్నా పడుతుంది అని. చుట్టాలు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, నవ్వుతూనే కాఫీలు అందించేదాన్ని. పరుపు మీది ఆ మరక అంచులు పోయాయి కానీ నడిమిది పోలేదు. పరుపు తిరగేసి వేశాం. దాని మీదే ఏళ్ళ తరబడి పడుకున్నాను. అది సరిగ్గా ఎక్కడుందో నా వీపుకి తెలుసు.

సోఫా మాట నడిచిన మర్నాడు సెలవు కాబట్టి సోఫాల కొట్టుకి బయల్దేరాం. కొలత సరిపోవాలని ఆయన్నీ చక్రాల కుర్చీతో సహా తీసుకెళ్ళాం. కారులో వెనక సీట్లో నేనూ, కోడలూ. దానికి నిన్నటి తోలు, గుడ్డ వాదన ఇంకా మనసులో ఉన్నట్టుంది. "అత్తయ్యా, మా ఆఫీసులో ఏమైందో తెలుసా," అంది మెల్లగా. "మీటింగులో ఎవరిదో టీ ఒలికింది. అంతమంది ఉన్నాం. అందరూ నా వైపే చూశారు. మేనేజరు పర్లేదు పర్లేదు, తుడిస్తే పోతుంది అన్నాడు, నన్ను చూస్తూ."

"నువ్వేం చేశావమ్మా?"

"తుడిచాను. తుడిచాక అక్కడ నేను చెప్పాల్సింది సగం మర్చిపోయాను." కిటికీ వైపు తిరిగింది. నేను దాని చెయ్యి మీద చెయ్యి వేశాను. అంతకుమించి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

కొట్టు నిండా సోఫాలే. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు, అన్నీ ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టున్నాయి. మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి నవ్వుతూ వచ్చింది. ఆయన్ని ఇద్దరు ఎత్తి కూర్చోబెట్టారు. "వద్దు," అన్నారు. వీపు వాల్చారు. "వద్దు," అన్నారు. కాళ్ళు పైకి లేచాయి. మళ్ళీ అదే అనబోయి ఆగి, కళ్ళు మూసుకున్నారు. ఊపిరి సాఫీగా ఆడింది. "నచ్చినట్టే," అన్నాడు మా అబ్బాయి.

"మీరూ కూర్చోండి మామ్మగారూ," అంది ఆ పిల్ల. "పక్క సీటు మీదేగా."

మా ఇంట్లో ఆ ముక్క ఇంతవరకూ ఎవరూ అనలేదు. నేనూ అనుకోలేదు. ఆ రెండో సీటు మా అబ్బాయి టీవీ చూడ్డానికని అనుకున్నాను, వాడూ అదే అనుకుని ఉంటాడు. కూర్చున్నాను. ఆ పిల్ల మీట లాగింది. నా పాదాలు లేచి నా ఎదుటికొచ్చి నిలబడ్డాయి. వేళ్ళు వంకర్లు పోయి, గోళ్ళు నల్లబడి, ఎవరో పరాయి ముసలమ్మవిలా ఉన్నాయి. పని లేకుండా నలుగురి ముందు కాళ్ళు చాపుకుని ఉన్నందుకు సిగ్గేసింది. దిగిపోదామంటే మీట ఎక్కడుందో తెలియలేదు. అలాగే ఉండిపోయాను. ఉండగా ఉండగా సిగ్గు పోయింది. దాని వెనకాల దాక్కున్న అలసట అప్పుడు బయటికొచ్చింది. అది ఈ వేళ్టిది కాదు.

ఆ పిల్ల రెండు ముక్కలు పట్టుకొచ్చింది, ఒకటి తోలుది, ఒకటి గుడ్డది. రెండింటి మీదా చెరో కాఫీ చుక్క వేసింది. తోలు మీద చుక్క గుండ్రంగా నిలబడింది. గుడ్డ మీదది ఇంకిపోయి, అంచులు పాకి, బొట్టంత మచ్చైంది. "చూడండి సార్," అంటూ తోలు మీద కాగితంతో తుడిచింది. "దీనికి ఏదీ అంటదు. తుడిస్తే పోతుంది."

ఏదీ అంటదు. అత్తగారి గొంతు నా చెవి పక్కనే వినబడ్డట్టైంది.

"ఎవరు తుడిస్తే?" అన్నాను.

ఆ పిల్ల నన్ను అయోమయంగా చూసింది. ముసలావిడకి అర్థం కాలేదనుకుందేమో, ఓపిగ్గా చెప్పింది. "ఎవరు తుడిచినా పోతుందండీ."

మా పంతులమ్మ కూడా ఇంత బాగా చెప్పలేదు. "విన్నావా నాన్నా?" అన్నాను మా అబ్బాయితో. "ఎవరు తుడిచినా పోతుందట."

"అదేంటమ్మా, ఇప్పుడు అదంతా దేనికి?" అంటూ వాడు అలవాటుగా పెళ్ళాం వైపు చూశాడు. కోడలు ఆ గుడ్డ ముక్కనే చూస్తూ నిలబడింది. నేను మానేస్తే ఆ ఖాళీలోకి వెళ్ళేది ఎవరో నాకు తెలుసు. దానికీ తెలుసు.

"దాని వైపు చూడకు, నిన్నే అడుగుతున్నా. మీ నాన్నకి తోలుదే తీసుకో, తడి అవుతుంది కాబట్టి. వీపు కింద నూలు దుప్పటి వేద్దాం, కోడలు నిన్న చెప్పింది నిజమే, ఒరుసుకుంటుంది. తుడిచేది నువ్వు. నాకు మోకాళ్ళు వంగడం లేదు. వంగినా నేను తుడవను."

"నేనా? నాకు రాదు కదమ్మా."

"ఆ పిల్ల ఇప్పుడేగా చూపించింది."

ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ సోఫా ధర చీటీని సర్దింది. మా అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు తప్పు దొరికితే అలాగే అయ్యేవి. "సరే. అయితే రెండు సీట్లకీ లెదరే రాయించనా?" అన్నాడు.

"నా సీటుకి గుడ్డ. లేత రంగుది." నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు కానీ వచ్చేసింది.

"లేత రంగు మీద మరక వెంటనే కనబడుతుందండీ," అంది ఆ పిల్ల. "అందరూ మరక కనబడనిదే అడుగుతారు."

"నాకు కనబడేదే కావాలమ్మా," అన్నాను. మా ఆయన కళ్ళు తెరిచి ఉన్నాయి. విన్నారో లేదో.

సోఫా వచ్చింది. సగం నల్లటి తోలు, సగం తెల్లటి గుడ్డ. చూడ్డానికి వేరే వేరే ఇళ్ళ నుంచి తెచ్చి అతికించినట్టుంది. చూసినవాళ్ళు అదేమిటి అనే అడుగుతున్నారు. మొదటి సాయంత్రమే ఆయన చేతిలో కాఫీ ఒలికింది. తోలు మీంచి జారి అంచు దగ్గర మడుగు కట్టింది. "తుడు," అన్నారు నా వైపు తిరిగి. నేను పక్క సీట్లో కాళ్ళు చాపుకుని ఉన్నాను. నా మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. పట్టి ఉంచాను. వంటింట్లోంచి కోడలు రాబోయింది. వద్దని చెయ్యి ఊపాను. ముగ్గురం మా అబ్బాయి వైపు చూశాం.

వాడు లేచాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. "గుడ్డ ఎక్కడుంటుందమ్మా?" అన్నాడు.

పుట్టి పెరిగిన ఇల్లు. వంటింటి తలుపు వెనక మేకుకి అది వాడు పుట్టకముందు నుంచీ వేలాడుతూనే ఉంది. చెప్పాను. తెచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళ నాన్న తొడ పక్కన, సందులో, కింద నేల మీద, వంకర టింకరగా తుడిచాడు. ఆయన వాడి నెత్తి వంక చాలాసేపు చూశారు. తర్వాత నా వంక చూశారు. ఆయన నోరు కదిలింది. మూడు మాటల్లో లేనిదేదో వెతికింది. దొరకలేదు. మూసుకుపోయింది.

"పోయిందమ్మా," అన్నాడు మా అబ్బాయి, వింతగా.

"పోయింది నాన్నా," అన్నాను. అంతే, ఇంత తేలికా అనుకున్నాను. పెరట్లో పంపు కింద, ఆ పొద్దుటి పూట, పళ్ళు తోముకుంటున్న ఆ మనిషి బ్రష్షు పక్కన పెట్టి నా పక్కన కూర్చుని ఉంటే, ఆయన రుద్దినా పోయేదేనేమో. ఎవరు రుద్దినా పోనిదైతే, అది ఇద్దరికీ తెలిసేది. అప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. ఒక చుక్క బుగ్గ మీంచి కారి, నేను చెయ్యి ఆనించుకున్న తెల్లగుడ్డ మీద పడింది. ఇంకింది, అంచులు పాకాయి, బొట్టంత మచ్చైంది.

కోడలు గబగబా వచ్చి తన చున్నీ అంచు అందుకుంది.

"ఉండనీ అమ్మా," అన్నాను.