ఎడమకాలికి పని

మావారు నన్ను పువ్వులా చూసుకుంటారని మా వీధిలో అందరూ మెచ్చుకుంటారు. అలా మెచ్చుకునేవాళ్ళను ఓ వారం నా స్థానంలో ఉండమంటే తెలుస్తుంది. వానలో నేను నడిపే స్కూలు బస్సు అద్దం తుడుస్తూ బంపరు మీద నుంచి జారి ఎడమకాలు విరగ్గొట్టుకున్నప్పటి నుంచి, నేను మెట్టెక్కితే ఆయన వెనక నిలబడతారు. బకెట్టు పట్టుకుంటే లాక్కుంటారు. ఎముక అతుక్కుంది, లోపల వేసిన కడ్డీ తీసేశారు, డాక్టరు ఇక పరిగెత్తవచ్చన్నాడు. అయినా ఇంట్లో నేను పేషెంటునే.

అరికాలు ఒక పక్క మొద్దుబారిన మాట నిజం. చెప్పు జారిపోయినా చూసుకుంటే తప్ప తెలియదు. కానీ కాలికి బలం మళ్ళీ వచ్చింది. ఆ సంగతి నాకు తెలుసు, ఎదుటివాళ్ళకు తెలియజెప్పడం ఎలాగో తెలియలేదు.

నాకు కావాల్సింది నా బస్సు. స్కూలు బస్సులు చూసే ఇన్‌చార్జి ఒకే ఒక్క షరతు పెట్టాడు. స్కూలు గేటు దగ్గరి ఎత్తు మీద, బ్రేకు తొక్కకుండా, బస్సును క్లచ్ మీదే ఆపి చూపించాలి. ఒక్క అంగుళం వెనక్కి జారకుండా మళ్ళీ ముందుకు తీసుకెళ్ళాలి. చూపిస్తే సెలవులయ్యాక నా బస్సు నాకే. లేదంటే ఆఫీసులో కుర్చీ వేస్తారు, పిల్లలు ఏ బస్సెక్కారో చూసుకుంటూ కూర్చోవాలి. ఆయన అడిగినదాంట్లో తప్పులేదు. వెనక బస్సు నిండా పిల్లలుంటారు మరి. కానీ ఆ కుర్చీ తలుచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు.

సాధన చేయాలంటే క్లచ్ ఉన్న బండి కావాలి. మా ఇంట్లో ఉన్నది ఆటోమేటిక్ కారు. కాలు విరిగిన కొత్తలో మావారు ముచ్చటపడి కొన్న పాత బండి. "ఇందులో ఎడమకాలికి పనే ఉండదు," అని అప్పుడు గొప్పగా చెప్పారు. పోనీ తెలిసినవాళ్ళ కారు అడుగుదామా అంటే, "పాపం, ఆ కాలితోనా!" అని అందరూ ఒకటే రాగం. వాళ్ళ జాలి నా కాలి మీదో, వాళ్ళ క్లచ్ ప్లేటు మీదో వాళ్ళకే తెలియాలి.

అంతలో ఆ ఆటోమేటిక్ కాస్తా మొరాయించింది. ఇంజను గొంతు చించుకుంటుంది, చక్రం మాత్రం కదలదు. మెకానిక్ వచ్చి చూసి, గేరుబాక్సు పోయింది, బాగుచేయించడం కంటే అమ్ముకోవడం నయం అన్నాడు. మావారు తలూపారు.

"అమ్మొద్దు. దీనికి మామూలు గేరుబాక్సు పెడదాం," అన్నాను.

"పెడితే... ఎవరు నడుపుతారు?" అన్నారాయన.

వెటకారానికి అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగారు. నాకు అందుకే ఒళ్ళు మండింది. తిన్నగా మా వదినకు ఫోన్ చేశాను.

వదిన అంటే మావారి అక్క. గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డింగు షాపు ఆవిడది. తమ్ముడేమో దూదిపింజె, అక్కేమో సుత్తిదెబ్బ. వచ్చీరాగానే కారు కిందకి దూరి, పైకి లేచి, చీర కొంగు బిగించింది.

"ఒరేయ్ తమ్ముడూ, ముందు దీని కింద మట్టంతా కడుగు. మిగతాది మేం చూసుకుంటాం."

కడగమంటే మావారు కాదనలేరు. మందుల దుకాణంలో పనిచేసి చేసి, ఎక్కడైనా దుమ్ము కనిపిస్తే ఆయన చెయ్యి ఆగదు. గేరు మార్చడం మీద నమ్మకం లేకపోయినా, కడగడం మీద ఉన్న భక్తితో పనిలోకి దిగారు.

తుక్కు యార్డులో అదే రకం కారు దొరికింది, గేర్లు మార్చుకునేది. వెనకనుంచి ఎవరో గుద్దేసి దాని నడ్డి విరిచారు కానీ ముందుభాగం చెక్కుచెదరలేదు. అందులోంచి గేరుబాక్సు, క్లచ్, ఫ్లైవీలు అనే బరువైన ఇనుప చక్రం, గేరు రాడ్డు, మూడు పెడళ్ళ స్టాండు ఊడదీసి తెచ్చుకున్నాం. మా షెడ్డులో నేల కనిపించకుండా పరిచాం. మావారు ఒక్కో ముక్కనూ పెట్రోలులో ముంచి, బ్రష్షుతో రుద్ది, పాత దుప్పటి మీద వరుసగా ఆరబెట్టారు. ఇనుప సామాను కాదు, పెళ్ళివారి వెండి సామాననుకోవాలి చూసినవాళ్ళు.

గేరుబాక్సు దింపితే ఇంజను కిందికి వేలాడిపోతుంది. దానికోసం వదిన గేటు పైపులు రెండు అతికి, బానెట్‌కు రెండు పక్కలా ఉండే రెక్కల మీద అడ్డంగా వేసి, గొలుసుతో ఇంజనును పైనుంచి పట్టి ఉంచింది. పాత గేరుబాక్సును కింద పడేసిన పాత టైరు మీదకి దించాం. దాని బరువుకు టైరు మూలిగింది. తర్వాత ఫ్లైవీలు బిగించాం, దాని మీద క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కిపట్టే ప్రెషర్ ప్లేటు దాని మీద. కొత్త గేరుబాక్సును లేపి కలిపేటప్పుడు నేను వెల్లకిలా పడుకుని, ఎడమకాలు మోకాలి దగ్గర మడిచి, దాని కింద ఆసరాగా పెట్టాను. మావారు చూసి కళ్ళు మూసుకున్నారు.

"కళ్ళు మూసుకుంటే బోల్టు ఎవడు అందిస్తాడ్రా?" అంది వదిన.

రెండు పెడళ్ళ చోట మూడు పెడళ్ళు వచ్చాయి. తాళం తిప్పాం. కిక్కురుమనలేదు. గేరు 'పార్కు'లో ఉంటే తప్ప స్టార్టు కాకూడదని ఆ కారుకు పుట్టుకతో నేర్పారు. ఆ 'పార్కు' మేం పీకి పారేశాం కదా! అది ఏ వైరుకు మొక్కుకుని కూర్చుందో వెతికి, రెండు కొసలూ కలిపి కట్టాం. ఇంజను ఒక్కసారిగా అందుకుంది. వదినా నేనూ ఈల వేశాం. ఈల వేయడం నాకు బస్సు కండక్టర్లు నేర్పిన విద్య.

"కానీ మరదలా, తొక్కు!" అంది వదిన.

ఎడమకాలితో క్లచ్ తొక్కి, ఒకటో గేరు వేయబోయాను. కర్రుమంది. పళ్ళూ పళ్ళూ రాసుకుని అరిచిన చప్పుడు. ఇంకా గట్టిగా తొక్కి మళ్ళీ వేశాను. మళ్ళీ కర్రు. వదిన బానెట్ కింద కేబుల్ బిగించి వచ్చింది. అదే కర్రు. ఇంకా బిగించింది. అదే.

"మొత్తం తొక్కావా?" అని మెల్లగా అడిగింది.

"తొక్కాను."

"నేలకు తగిలిందా?"

ఆ మొద్దుబారిన అరికాలికి పెడల్ నేలను తాకిందో, మధ్యలో ఆగిందో ఎలా తెలుస్తుంది? బండిలోనే ఏదో లోపం ఉందని నోటి చివరిదాకా వచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుందని మింగేశాను. వదిన నా మొహం చూడకుండా స్పానర్లు సర్దడం మొదలుపెట్టింది. ఎవరికీ జడవని మా వదిన కూడా నా మీద జాలిపడింది. అది చూశాక నాకు ఏడుపొచ్చింది. లోపలికి వెళ్ళిపోయాను.

మంచం మీద కూర్చుని కసికొద్దీ ఎడమకాలు గోడకు ఆనించి తన్నాను. మంచం కిర్రుమంటూ వెనక్కి జరిగింది. కుడికాలితో తన్నాను. అంతే జరిగింది. మళ్ళీ ఎడమకాలితో తన్నాను. ఈసారి మంచం వెళ్ళి బీరువాకు కొట్టుకుంది.

అప్పుడే ముందుగదిలో మావారు ఫోన్‌లో మాట్లాడుతున్నది వినబడింది. "అవునండీ... ప్రయత్నం చేసిందండీ పాపం. కాలు సహకరించడంలేదు. ఆఫీసు పనే ఇప్పించండి. నేను నచ్చజెబుతాను."

ఎలా బయటికొచ్చానో నాకే తెలియదు. ఆయన చేతిలో ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను.

"వచ్చి కారెక్కండి."

"నేనెందుకు? నా కాళ్ళు బాగానే ఉన్నాయిగా."

"అందుకే ఎక్కమంటున్నాను."

ఇంతసేపూ ఆ కారులో నేను తప్ప ఎవరూ కూర్చోలేదు. వదిన తల బానెట్ కింద, ఆయన తల గుమ్మంలో. కర్రుమన్న ప్రతిసారీ అందరూ నా కాలి వంకే చూశారు. చివరికి నేను కూడా.

ఆయన ఎక్కారు. క్లచ్ తొక్కి గేరు వేశారు.

కర్రు.

"సరిగ్గా తొక్కండి."

సరిగ్గా తొక్కారు. కర్రు. చెప్పులు విడిచి, సీటుకు వీపు ఆనించి, రెండు కాళ్ళూ పెడల్ మీద పెట్టి, మొహం ఎర్రబడేలా తొక్కారు. పెడల్ నేలకు అతుక్కుపోయింది, కిటికీలోంచి నా కళ్ళతో చూశాను. గేరు వేశారు.

కర్రుమని అది చేసిన చప్పుడుకు ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. నాకు అంతకంటే మధురమైన సంగీతం ఈ జన్మలో వినబడలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. "వదినా! మద్దెలే ఓడు! ఈసారి నిజంగా మద్దెలే ఓడు!" అని అరిచాను. వదిన కారు టాపు మీద దబదబా బాదింది. పాడైన బండి ముందు ఇద్దరు ఆడవాళ్ళు చిందులేస్తుంటే, మావారు రెండు కాళ్ళూ పెడల్ మీదే ఉంచి, ఏంచేయాలో తోచక కూర్చున్నారు.

అలవాటైన పనే కాబట్టి గేరుబాక్సు మళ్ళీ చకచకా దింపాం. క్లచ్ ప్లేటు ఊడదీసి చూడగానే వదిన నాలుక కరుచుకుంది. ప్లేటు తిరగేసి ఉంది. ఇటుండాల్సిన మొహం అటుంది. అలా ఉంటే భీముడు వచ్చి తొక్కినా క్లచ్ విడవదు, గేరు పడదు.

"యార్డులో తీసేటప్పుడు ఇంజను వైపు మొహం మీద సుద్దముక్కతో పెద్ద గీత గీశానే! ఆ గీత లేని వైపే గేరుబాక్సుకని... అసలు ఏ వైపూ గీత లేదేం? మనం గుడ్డిగా బిగించేశామా?"

ఇద్దరం ఒకేసారి తల తిప్పాం. మావారు చేతిలో పెట్రోలు గుడ్డతో నిలబడి ఉన్నారు.

"ఏదో తెల్లటి మరక ఉంటే..." అన్నారు, "...బాగా రుద్దాను. ఒక పట్టాన పోలేదు."

వదిన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నాకు మాత్రం ఆయన మీద కోపం రాలేదు. ఫోన్ తెచ్చి చేతిలో పెట్టాను. "ఇన్‌చార్జికి మళ్ళీ చెయ్యండి. ఆఫీసు పని వద్దని చెప్పండి. ఎందుకు వద్దో కూడా చెప్పండి."

చెప్పారు. సుద్దగీత సంగతితో సహా, నసుగుతూనే, మొత్తం చెప్పారు. "తప్పు నాదండీ, దాని కాలిది కాదు," అన్నారు చివర్లో. అప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

ప్లేటు సరైన వైపు తిప్పి బిగించాం. ఈసారి గేరు వేస్తే చప్పుడే లేదు. వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. ఇంటి ముందు సందులోంచి కారు నా చేతిలో, నా కాలి కింద కదిలింది.

మొదటి రోజుల్లో ఎత్తు మీద ఇంజను ఎన్నిసార్లు ఆగిపోయిందో చెబితే నవ్వుతారు. కాలు వణికేది. ఇక అరికాలును అడగడం మానేసి, ఇంజనును వినడం నేర్చుకున్నాను. క్లచ్ పట్టుకోబోయే ముందు దాని గొంతు కొంచెం బరువెక్కుతుంది. అక్కడే మోకాలిని ఆపేయాలి. పాదం చెప్పని మాట చెవి చెప్పింది. మావారు పక్కసీట్లో కూర్చుని హ్యాండ్‌బ్రేకు వైపు చెయ్యి చాచినప్పుడల్లా వెనకసీటు నుంచి వదిన ఆ చెయ్యి మీద ఒకటి వేసేది.

పరీక్ష రోజున స్కూలుకు మా కారు నేనే నడుపుకుంటూ వెళ్ళాను. ఇన్‌చార్జి కిటికీలోంచి వంగి మూడు పెడళ్ళూ చూశాడు. బస్సు తాళం ఇచ్చాడు.

గేటు దగ్గరి ఎత్తు మీద బస్సు ఆపాను. ఆయన వెనక చక్రం పక్కన వంగి, చూపు తిప్పకుండా నిలబడ్డాడు. బ్రేకు మీద నుంచి కుడికాలు తీశాను. ఇంజను గొంతు బరువెక్కింది. ఎడమ మోకాలు అక్కడే ఆగింది. బస్సంతా సన్నగా వణుకుతోంది, చక్రం మాత్రం కదల్లేదు. తొడలో నరాలు లాగుతున్నాయి. లాగనీ అనుకున్నాను. ఆయన చూస్తున్నాడు, నేను నిలబెడుతున్నాను.

"చాలమ్మా!" అని అరిచాడు.

ఇంకాసేపు నిలబెట్టాను. ఆయనకు చాలింది కానీ నాకు చాలలేదు. తర్వాత మెల్లగా క్లచ్ వదిలాను. బస్సు ఒక్క అంగుళం కూడా వెనక్కి రాకుండా ఎత్తంతా ఎక్కి, గేటు దాటి, మైదానంలోకి వచ్చింది.

ఇన్‌చార్జి రొప్పుకుంటూ వెనకాలే వచ్చి, తలుపు దగ్గర చెయ్యి ఊపాడు. "అయిపోయిందమ్మా, నువ్వు నెగ్గావు. ఇక దిగు!"

"దిగమంటే ఎలాగండీ," అన్నాను, రెండో గేరు వేస్తూ, "ఇప్పుడే కదా ఎక్కింది!"