వెబ్‌సైట్ మూలన నీలిబొమ్మ

నేను ఒక బొమ్మను. బొటనవేలి గోరంత ఉంటాను. నీలిరంగు గుండ్రంలో చక్రాల కుర్చీ, దాని కింద ‘అందరికీ అందుబాటులో’ అన్న రెండు మాటలు. ఒక జిల్లా కార్యాలయం వెబ్‌సైట్‌లో కుడివైపు కింది మూలన నా కాపురం.

నన్ను గీసింది హిమజ అనే అమ్మాయి. గీసిన రోజే కార్యాలయం వాళ్ళకు చెప్పింది: “బొమ్మ పెడితే సరిపోదండీ. చూపులేనివాళ్ళ కంప్యూటరు తెరమీది అక్షరాల్ని పైకి చదువుద్ది. ఫోటో పెడితే దానికి చదవడం రాదు. ఏ ప్రకటనైనా టైపు చేసే పెట్టాలండీ.” అందరూ తలలూపారు. ఆ అమ్మాయి వేరే పనికి వెళ్ళిపోయాక నన్ను ఉంచుకుని, ఆ మాట వదిలేశారు. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి నన్ను చూసి, రంగు బాగుందని సంతకం పెట్టి వెళ్ళాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారే, ఆ పేరు నేనే.

అక్కడి సూపరింటెండెంట్ పరాంకుశం గారు చెడ్డవారు కారు. కాకపోతే సంతకం, గుండ్రటి ముద్ర కనిపించని కాగితం ఆయన లెక్కలో కాగితమే కాదు. శుభ్రంగా టైపు చేసిన ప్రకటనను ప్రింటు తీయించి, సంతకం చేయించి, ముద్ర కొట్టించి, స్కాన్ చేయించి, ఫోటోగా ఎక్కించేవారు.

అంధుల పాఠశాలలో సంగీతం టీచరు ఉద్యోగం ఒకటి పడింది. ఒక్కటే. సత్యవేణికి పుట్టినప్పటినుంచీ చూపు లేదు. ఈ ఏడాదితో ఉద్యోగానికి వయసు దాటిపోతుంది. రాతపరీక్షలో మొదటి ర్యాంకు ఆమెదే. ఇక సర్టిఫికెట్లు చూపించడమే మిగిలింది. ఆ తేదీ వెబ్‌సైట్‌లో పెడతామన్నారు.

రోజూ ఉదయం పదింటికి ఆమె మా పేజీకి వచ్చేది. ఆమె కంప్యూటరు గొంతు పేజీ అంతా వెతికి, నా దగ్గర “చిత్రం” అని ఊరుకునేది. నా మీది రెండు మాటలు కూడా ఆమెకు వినపడలేదు. తేదీ ఉన్న ప్రకటన దగ్గరా “చిత్రం” అనే అంది. పేజీ నిండా అధికారుల ఫోటోలే కాబట్టి, అదీ అలాంటిదే అనుకుంది. బుధవారం రమ్మని అందులో ఉంది. నాకు నోరుంటే అరిచేదాన్ని. బుధవారం కూడా ఆమె పదింటికి వచ్చి, వెతికి, వెళ్ళిపోయింది.

శుక్రవారం కార్యాలయానికి ఫోన్ చేసింది. పరాంకుశం గారి తెరమీద అప్పుడు మా పేజీయే ఉంది.

“రోజూ చూస్తానే ఉన్నానండీ. తేదీ ఎప్పుడండీ?”

“మొన్న బుధవారమే అయిపోయిందమ్మా. వారం ముందే పెట్టేం కదా. సంతకంతో సహా ఎంత బాగా కనపడతా ఉందో!”

“నాకు కనపడదు కదండీ,” అంది.

ఆయన ముఖం పాలిపోయింది. పై అధికారిని బతిమాలారు. అప్పటికే రెండో ర్యాంకు మనిషికి ఉత్తర్వు వెళ్ళిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇకమీదట ప్రతిదీ టైపు చేసే పెట్టాలని అందరికీ చెప్పారు. మొదటగా తుది జాబితాను తానే కూర్చుని టైపు చేశారు.

సోమవారం పదింటికి సత్యవేణి వచ్చింది. కంప్యూటరు గొంతు ఈసారి ఎక్కడా తడబడలేదు. “మొదటి ర్యాంకు. సత్యవేణి. గైర్హాజరు,” అని చదివింది. ఆమె మళ్ళీ చదివించుకుంది. ఆ పేజీలో నేను బొమ్మనై ఉన్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత ఆమె పరాంకుశం గారికి ఫోన్ చేసింది.

“ఇప్పుడు బాగా చదువుతోందండీ,” అంది. “అంతా వినపడిందండీ.”