నూకమ్మ తవ్విన గని

మా అల్లుడు సత్యప్రసాద్ నా భార్య గనిని పూడ్చేశాడు. అతను చెడ్డవాడు కాదని అందరూ అంటారు. కావచ్చు. పూడ్చింది మాత్రం అతనే.

గని అంటే ఫోనులో ఉన్న గని. తవ్వే ఆట. తెర మీద చిన్న యంత్రం ఒకటి ఉంటుంది. వేలితో దాన్ని నడిపి మట్టి తవ్వాలి, రాయి తవ్వాలి, దొరికిన ఖనిజాన్ని బండికెత్తి పైకి పంపాలి. దాని మీద వచ్చిన నాణేలతో పెద్ద బకెట్, బలమైన ఇంజను, పెద్ద బండి, మంచి దీపం కొనుక్కుంటూ ఇంకా లోతుకు పోవాలి. అంతే. దీనికోసం ఒక మనిషి అల్లుడితో ఏడాదిపాటు సరిగా మాట్లాడకుండా ఉంటాడా అని క్యాంప్ 2లో మా పక్కింటి అప్పయమ్మ అడిగింది. ఉంటాడు.

నూకమ్మకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు ఆ కుర్చీలో పడి ఉండాలి. ఎడమచేతికి సూదులు. కుడిచెయ్యి ఖాళీ. ఆ చేతికి ఏదో ఒక పని ఉండాలని మా అమ్మాయి భాగ్యరేఖ తన పాత ఫోను ఇచ్చి, అందులో ఈ ఆట పెట్టింది. నూకమ్మకు చదువు రాదు. అంకెలు మాత్రం పోల్చుకుంటుంది. క్వార్టర్ల గోడల మీద నంబర్లు చూసి నేర్చుకుంది. ఎనిమిది నెలల్లో నాలుగు వందల పన్నెండు మీటర్ల లోతుకు దిగింది.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఇనుప గనిలో షావెల్ నడిపాను, పెద్ద బకెట్‌తో రాయి తవ్వి లారీకెత్తే యంత్రం. టెక్కలి దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి చదివి, మేనమామ వెంట ఈ హిందీ దేశం వైపు గని పనికి వచ్చినవాణ్ణి. హెల్పరుగా చేరి ఆపరేటరుగా రిటైరయ్యాను. నా షావెల్ కింద ఒక్క మనిషికీ దెబ్బ తగలలేదు. నేను తవ్విన గోడ ఒక్కసారీ జారలేదు. అందుకని ఫోనులో మట్టి తవ్వడం నాకు పిల్లలాటగా కనిపించేది.

ఒకరోజు డయాలిసిస్ గదిలో నూకమ్మ ఫోను నా వైపు చాపింది.

"ఇటొకపాలి సూడు. నా గొయ్యి ఎంత లోతయిందో."

"సూసేన్లే," అన్నాను. చూడలేదు. గోడకున్న టీవీలో వార్తలు చూస్తున్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఏదీ రెండుసార్లు అడిగే మనిషి కాదు.

ఆగస్టులో పోయింది.

మా ఇల్లు ఇరుకని పెద్దకర్మ సెక్టర్ 6లో అల్లుడి క్వార్టర్లో చేశాం. జనం భోజనాలు చేస్తున్నారు. సత్యప్రసాద్ వరండాలో కూర్చుని ఆ ఫోను తెరిచాడు. ఆటలో ఒక మీట కనపడిందట, కొత్త గని అని హిందీలో. ఉన్న గనిని వదులుకుంటే యంత్రం రెండింతలు వేగంగా తవ్వుతుంది. కాకపోతే మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాలి. ఈ ఆట ఆడేవాళ్ళంతా అలాగే చేస్తారట. అతను నొక్కాడు. పైన పచ్చగడ్డి, కింద తవ్వని నేల. అదే మిగిలింది.

భాగ్యరేఖ చూసి ఏడ్చింది. అందువల్ల నాకు తెలిసింది.

"గల్తీ అయిపోయింది మామయ్యా," అన్నాడు. "స్పీడ్ డబల్ అవుతుందని సోచా. అత్తమ్మ ఉంటే ఖుష్ అయ్యేవారు అనుకున్నా."

"తిరిగి తే."

"అది రాదు. బ్యాకప్ లేదు. ఒక్క నెల ఇవ్వండి, నేనే కూర్చుని అంత లోతూ తీసేస్తాను."

"నీ సెయ్యి దాని మీద పడకూడదు," అన్నాను. ఫోను తీసుకుని ఇంటికి వచ్చేశాను.

పోయిన మనిషికంటే ఆట ఎక్కువా అని చుట్టాలు అన్నారు. వాళ్ళు ఆలోచించనిది ఒకటుంది. నూకమ్మ ఉత్తరం ముక్క రాయలేదు. ఏ కాగితం మీదైనా ఆమెది వేలిముద్రే. ఇల్లు నేను చెప్పిన చోట కొన్నాం. పిల్ల పేరు మా అమ్మ పెట్టింది. ఈ సంబంధం నేను చూశాను. నలభై ఏళ్ల కాపురంలో ఎవరినీ అడగకుండా తన వేలితో తను చేసింది ఆ గొయ్యి ఒక్కటే. సంవత్సరీకం నాటికి దాన్ని మళ్ళీ నాలుగు వందల పన్నెండుకు తేవాలి. నేను పెట్టుకున్న పని అది.

మొదలుపెట్టాను. బొమ్మ గని కదా అనుకున్నాను. తిన్నగా కిందికి దించాను. బకెట్ పెంచాను, ఇంజను పెంచాను, మళ్ళీ దించాను. వచ్చిందంతా తవ్వడానికే పోశాను. అప్పయమ్మ గేటు దగ్గర ఆగి, "ఏటి బాబూ, ఇంకా నీళ్ళు పడనేదా?" అని అడిగింది. నూట ఎనభై ఆరు దగ్గర రెండు పక్కల గోడలూ జారి యంత్రం మీద పడ్డాయి. తెర ఎర్రబడింది. బకెట్ పోయింది, ఇంజను పోయింది. మళ్ళీ తవ్వాను. మళ్ళీ పడ్డాయి. మూడోసారి రెండు వందల ముప్పై దగ్గర పడ్డాయి.

ముప్పై ఒక్క ఏళ్లు గోడ జారనివ్వని వాణ్ణి. అరచేతిలో మూడుసార్లు పూడుకుపోయాను. ఎవరికీ చెప్పుకోలేదు.

నవంబరులో ఒక ఆదివారం భాగ్యరేఖ వచ్చింది. అల్లుడూ వచ్చాడు, వాకిట్లో స్కూటర్ మీదే కూర్చున్నాడు. నేను లోపలికి పిలవలేదు. గోడలు పడినప్పుడు అమ్మ ఏం చేసేదని భాగ్యరేఖను అడిగాను. అల్లుడు బయటినుంచే జవాబు చెప్పాడు. అందరికీ పడతాయట, ఒక ప్రకటన చూస్తే యంత్రాన్ని లేపి ఇస్తారట. భాగ్యరేఖ అతని మాట వినలేదు. గుర్తు తెచ్చుకుంటోంది.

"అమ్మకి పడనేదు నాన్నా," అంది. "ఏక్ బార్ భీ నహీ. ఒక్కసారీ పడనేదు."

నేను నమ్మలేదు. తన ఫోనులో ఒక పాత ఫొటో వెతికి చూపించింది. జూలైలో తీసిందట. డయాలిసిస్ కుర్చీలో నూకమ్మ. ఎడమచేతికి గొట్టాలు. కుడిచేత్తో ఫోనును మన వైపు తిప్పి పట్టుకుంది. తెర మూలన 412. ఆ తర్వాత మూడో రోజు నుంచి ఆమె చెయ్యి లేవలేదు. ఆ ఫొటో నాకూ పంపించిందట. వచ్చింది నిజమే. ముఖం ఎంత పీక్కుపోయిందో చూశాను. ఫోను చూడలేదు. ఇప్పుడు కళ్ళజోడు తెచ్చుకుని, బొమ్మను పెద్దది చేసి ఫోను చూశాను.

అది తిన్నగా దిగిన గొయ్యి కాదు. మెట్లు మెట్లుగా ఉంది.

గనిలో ఒక్కో మెట్టును బెంచి అంటాం. ఒక బెంచి తవ్వి, గోడ పక్కన గట్టు వదిలి, ఆ తర్వాతే కిందికి దిగుతాం. గట్టు వదలకుండా దిగితే పైనున్నది మీద పడుతుంది. గనిలో మొదటిరోజు నేర్పే పాఠం ఇది. ఈ ఆటలో ఎవరూ నేర్పరు. నూకమ్మ గొయ్యిలో తొమ్మిది బెంచీలున్నాయి. తొమ్మిదింటికీ గట్టు ఉంది. మూడో బెంచి ఎడమవైపు మిగతావాటికంటే వెడల్పుగా ఉంది, బండి తిరగడానికి. నేనైనా అక్కడే వదిలేవాణ్ణి.

అడుగున యంత్రం నిలబడి ఉంది. దాని బకెట్ నేలకు ఆనించి ఉంది.

నేను అడగకుండానే భాగ్యరేఖ చెప్పింది.

"నర్సు సూదులు తియ్యడానికి వచ్చేముందు రోజూ అలగే కింద పెట్టీది. గేమ్‌లో దాంతో పనేటమ్మా అంటే, షిఫ్టు అయ్యాక బకెట్ గాల్లో వదలకూడదు, మీ నాన్న వదల్డు, అనీది."

షావెల్ దిగేముందు బకెట్‌ను నేలకు ఆనించాలి. గాల్లో వదిలితే ఎవడో ఒకడు దాని కింద నిలబడతాడు. ఇది నేను ఇంట్లో చాలాసార్లు అన్నాను. డ్యూటీ నుంచి వచ్చి కంచం ముందు కూర్చుని, ఆ రోజు ఎక్కడ తవ్వానో, ఎవడు గట్టు వదలకుండా దిగబోయి నాచేత తిట్లు తిన్నాడో చెప్పేవాణ్ణి. నూకమ్మ పొయ్యి వైపు తిరిగి ఉండేది. ఊఁ అని కూడా అనేది కాదు. గోడకు చెప్పుకున్నట్టే అనుకునేవాణ్ణి. ఒకసారి క్యాంటీన్లో పదిమంది ముందు, మా ఆవిడకి షావెల్ అంటే పొయ్యిలో బూడిద తీసే పార అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె గనిలో కాలు పెట్టలేదు. షావెల్‌ను దూరం నుంచి కూడా చూడలేదు. నేను తీసుకెళ్ళలేదు. నా కింద పన్నెండుమంది పని నేర్చుకున్నారు. వాళ్ళలో నలుగురికి బకెట్ దించమని రిటైరయ్యే రోజు వరకూ చెబుతూనే ఉన్నాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో నూకమ్మను మించినవాళ్ళు లేరు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

మర్నాడు ఆ ఫొటోను పెద్దదిగా అచ్చు వేయించి గోడకు అంటించాను. మళ్ళీ గడ్డి దగ్గరనుంచి మొదలుపెట్టాను. చూసేకొద్దీ ఇంకా కనపడింది. ఆమె బకెట్ చిన్నది. బండి మాత్రం ఉన్నవాటిలోకెల్లా పెద్దది. అందరూ ముందు బకెట్ పెంచుకుంటారు. తవ్వింది మొయ్యడానికి బండి చాలక యంత్రం ఊరికే నిలబడుతుంది. షావెల్ ఊరికే నిలబడటం ఆపరేటరుకు తలవంపు. ఇదీ నేను అన్నమాటే. ఆమె ముందు బండి పెంచింది, తర్వాత దీపం, ఆఖరున బకెట్. నేనూ అదే వరస పట్టుకున్నాను.

నెలకు నలభై అయిదు మీటర్లు, ఒక్కో నెల యాభై. వేసవిలో కూలర్ ముందు కూర్చుని తవ్వాను. ఒక బెంచి కొలత తప్పితే దాని పక్కన ఇంకొంత మట్టి తీసి సరిచేశాను. ఫొటోలో ఎక్కడ ఒంకర ఉందో అక్కడ ఒంకరే పెట్టాను. గోడ ఒక్కసారీ జారలేదు. మేలో అప్పయమ్మ మామిడికాయలు ఇవ్వడానికి వచ్చి, ఎగతాళి మొదలుపెట్టబోయి, గోడ మీది ఫొటో చూసి ఆగింది. ఇవేటని అడిగింది. బెంచి అంటే ఏమిటో, గట్టు ఎందుకో చెప్పాను. గంటసేపు కూర్చుంది.

"ఓలమ్మ, మా నూక ఇంత పని సేసిందా," అంది. "నాతో వడియాలు పెట్టినప్పుడు ఒక్క మాట సెప్పనేదు."

"నాకూ సెప్పనేదు," అన్నాను. అది అబద్ధం. చెప్పింది. నేను టీవీ చూశాను.

సంవత్సరీకం నా ఇంట్లోనే పెట్టుకున్నాను. ఆ పొద్దున్న పంతులుగారు రాకముందు నాలుగు వందల తొమ్మిది మీటర్ల దగ్గర ఉన్నాను. భాగ్యరేఖను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. చివరి మూడు మీటర్లు నెమ్మదిగా తీశాను. మూలన 412 పడింది. యంత్రాన్ని ఫొటోలో ఉన్న చోటుకు నడిపి, బకెట్ దించి నేలకు ఆనించాను. భాగ్యరేఖ ఫొటోను గోడ మీంచి తీసి ఫోను పక్కన పెట్టింది. తొమ్మిది బెంచీలు. మూడోదానికి ఎడమవైపు వెడల్పు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ షిఫ్టు చివరా నాకు అంత తృప్తి కలగలేదు.

సత్యప్రసాద్ అరిటాకులు పట్టుకుని వెనక నిలబడి చూస్తున్నాడు.

"ఇంకో ఎనిమిది మీటర్లే మామయ్యా. నాలుగు వందల ఇరవై దాటితే బడా మెషీన్ ఇస్తారు. ఆపేశారేంటి?"

"షిఫ్టు అయిపోయింది," అన్నాను.

అతను ఆకులు కింద పెట్టాడు. నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఏడాదిలో అంత దగ్గరగా కూర్చోలేదు.

"గని వచ్చేసింది కదా. ఇప్పుడైనా మాఫ్ కర్ దో మామయ్యా."

భాగ్యరేఖ నా ముఖం చూస్తోంది. నేను ఫొటోను, ఫోనును అతని ముందుకు జరిపాను.

"తేడా ఏటైనా ఉందా?"

చాలాసేపు చూశాడు. "లేదు. సేమ్ టు సేమ్."

"ఉంది. అది ఆవిడ తవ్వింది. ఇది నాను తవ్వింది. నువ్వు పూడ్చింది పూడ్చినట్టే ఉంది."

అతను లేచి ఆకులు కడగడానికి వెళ్ళాడు. పంతులుగారు వచ్చారు. కార్యం సరిగా జరిగింది.

ఫోను ఆపేసి, నూకమ్మ ట్రంకుపెట్టెలో ఆమె చీరల కింద పెట్టాను. తాళంచెవి నా మొలతాడుకు ఉంది. భోజనాల దగ్గర ఎవరో గని సంగతి ఎత్తారు. నేను పప్పు వడ్డించమన్నాను.

ముప్పై ఒక్క ఏళ్లు తవ్వకం గురించి ఇంట్లో నేనే మాట్లాడాను. వినే మనిషి ఇప్పుడు లేదు. జరిగింది ఒకసారి రాశాను, అది చాలు. ఇక దీని గురించి నా నోట మాట రాదు. అల్లుడు అడిగినా రాదు, భాగ్యరేఖ అడిగినా రాదు.