తలుపు వేసుకునే గది

ఫోన్లోనే మనసుకు వైద్యం చేస్తామని ఆసుపత్రి గోడలనిండా పోస్టర్లు అంటించిన పెద్దలారా, మా వదిన నోరు నొక్కింది మీరే. లోకమంతా జబ్బుపడి మంచమెక్కిన రోజుల్లో మీరు తలుపులేసుకుని కూర్చుని ఒక రూలు రాశారు. వేసుకోవడానికి తలుపు లేని బతుకులు ఉంటాయని మీ బుర్రకు తట్టలేదు.

వదినా నేనూ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాం. వదినతో ఒకే మిషను దగ్గర నిలబడి పనిచేసిన స్నేహితురాలు ఆ జబ్బుతోనే పోయింది. ఆమె ఉన్న వార్డు నుంచి వచ్చిన దుప్పట్ల మూట విప్పింది వదినే. అప్పట్నుంచి కంటి మీద కునుకు లేదు, ముద్ద దిగదు. మూట ముడి పట్టుకుంటే చాలు, విప్పలేక వదిలేస్తుంది.

నేనే ఫోన్ కలిపి ఇచ్చాను. అవతల కౌన్సిలర్ అడిగిన మొదటి ప్రశ్న, "గదిలో ఒంటరిగా ఉన్నారా?"

"లేదండీ. ఉన్నదే ఒక గది. అత్తయ్య ఉన్నారు, పిల్లలున్నారు."

"అయితే మాట్లాడకూడదండీ, రూలు. ఒంటరిగా ఉన్నప్పుడు చేయండి."

ఫోన్ పెట్టేశారు. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒంటరిగానే ఉన్నానని చెప్పొచ్చు కదే."

"మీరు పక్కనే దగ్గుతుంటే ఎలా చెప్పను అత్తయ్యా?"

వదిన నవ్వబోయింది. అది సగంలోనే ఏడుపయింది.

రెండోసారి పనిలో ఉండగా వాళ్ళే చేశారు. మిషన్ల రొదలో ఏమీ వినపడక పెట్టేశారు. ఇంకొక్కసారి కుదరకపోతే పేరు తీసేస్తామని మెసేజ్ వచ్చింది.

ఉతికిన దుప్పట్లు పెట్టే గదికి తలుపుంది. తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర. ఎప్పుడూ టైము చూపించి తరుముతాడని ఆయన్ని మేం గడియారం అంటాం. మళ్ళీ ఫోన్ రావాల్సిన రోజు వెళ్ళి వదిన కోసం తాళంచెవి అడిగాను.

"కుదరదమ్మా. ఒక్క దుప్పటి పోయినా నా మెడకు చుట్టుకుంటుంది."

"ఏడవడానికి వెళ్ళే మనిషి దుప్పటి ఎత్తుకెళ్తుందా? తాళంచెవి ఇవ్వండి. లేదంటే మిషన్లన్నీ ఆపుతాం."

"బెదిరిస్తున్నావా?"

"చెప్పి చేస్తున్నాను."

నా వెనక ఆడవాళ్ళంతా గ్లౌజులు తీసేసి నిలబడ్డారు. గడియారం తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

ఆ గది గోడ పక్క మిషను ఆపాం, అవతలి మాట వదినకు వినపడాలని. దూరంగా ఉన్నవాటిని తిరగనిచ్చాం, వదిన మాట మాకు వినపడకూడదని. ఆగిన పని భోజనం వేళ చేసిపెట్టాం. ఏ రోగికీ దుప్పటి తక్కువ కానివ్వలేదు.

ఫోన్ మోగింది. "ఒంటరిగానే ఉన్నానండీ," అంటూ వదిన తలుపు వేసుకుంది.

చాలాసేపటికి బయటికొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నయమైపోయిందని నేను కథలు చెప్పను. గ్లౌజులు తొడుక్కుని మూట పట్టుకుంది. ఒకసారి వదిలేసింది. మళ్ళీ పట్టుకుని విప్పింది.

"వచ్చే వారం మళ్ళీ చేస్తారట," అంది. "తలుపు ఉంటుందా?"

జవాబు మీరు చెప్పాలి పెద్దలారా. పని జరిగే ప్రతి చోటా తలుపున్న గది ఒకటి మాకు వదలండి. ఇల్లు ఇరుకని ఫోన్ పెట్టేయడం మానండి. పేర్లు తీసేసే ఆ రూలు ఈరోజే కొట్టేయండి. అందాకా ఈ తాళంచెవి నా కొంగు ముడిలోనే ఉంటుంది.